నీళ్లు తక్కువున్న నేలపై నగరం పెరగొచ్చా? అపోహలు - వాస్తవాలు

అపోహ: జనం పెరిగితే నీటి ఖర్చూ అదే లెక్కన పెరగక తప్పదు.

వాస్తవం: ఎన్ని నీళ్లు తోడామన్నది కాదు, ఎన్ని తిరిగి రాకుండా పోయాయన్నది చూడాలి. స్నానానికి, గిన్నెలకు, ఫ్లష్‌కు వాడిన నీళ్లలో సుమారు 80 శాతం డ్రైనేజీలోకే వస్తాయి. శుద్ధి చేస్తే మళ్లీ చేతికందుతాయి. పచ్చికకు పోసినవి, కూలింగ్ టవర్లలో ఆవిరైనవి పోయినట్టే. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఉన్న ఎడారి నగరం లాస్ వేగాస్ ఈ లెక్క మీదే నడుస్తోంది. ఇళ్లలో వాడిన నీటిని శుద్ధి చేసి, కొలరాడో నది మీదున్న జలాశయం లేక్ మీడ్‌లోకి వదులుతారు, వదిలినంత మేర మళ్లీ తోడుకోవచ్చు. అందుకే అక్కడ ఆంక్షలు ముఖ్యంగా పచ్చిక మీద. సొంత ఇళ్లను మినహాయించి, అలంకారానికే పెంచే పచ్చికకు 2026 తర్వాత కొలరాడో నది నీళ్లు పెట్టకూడదని నెవాడా 2021లో చట్టం చేసింది. 2002తో పోలిస్తే జనాభా బాగా పెరిగినా, నది నుంచి నికరంగా వాడే నీళ్లు తగ్గాయి.

అపోహ: ఇంటింటా వాన నీళ్లు పడితే చాలు.

వాస్తవం: 100 చదరపు మీటర్ల డాబా, ఏడాదికి 500 మి.మీ. వాన, 80 శాతం చేతికొస్తే 40,000 లీటర్లు. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున నలుగురికి ఏడాదికి కావలసింది 1,46,000. తప్పక పట్టాలి, కానీ అదొక్కటే చాలదు.

అపోహ: రోజు విడిచి రోజు నీళ్లిస్తే ఆదా అవుతుంది.

వాస్తవం: ఇది చాలా నష్టం చేసే నమ్మకం. ఖాళీ అయిన పైపులోకి లీకుల గుండానే మురుగు చొరబడుతుంది. నీళ్లు వదిలినప్పుడల్లా ప్రెషర్ దెబ్బకు జాయింట్లు వదులవుతాయి, గాలికి మీటర్లు తిరుగుతాయి.

అసలు ఆదా లీకులు ఆపడంలో ఉంది. వాటిని పట్టాలంటే 1,000-2,000 కనెక్షన్లకో జోన్ చేసి, ప్రవేశం దగ్గర ఒకే మీటరు పెట్టి, రాత్రి 2-4 గంటల మధ్య ప్రవాహం చూడాలి. 1,500 కనెక్షన్ల జోన్‌లో ఆ వేళ గంటకు 15,000 లీటర్లు పోతున్నాయనుకుందాం. కనెక్షన్‌కు 2 లీటర్ల చొప్పున అసలు వాడకం 3,000. మిగతా 12,000 దాదాపుగా లీకే. పగలు ప్రెషర్ తగ్గుతుంది కాబట్టి 24తో కాక 20తో గుణించినా రోజుకు 2,40,000 లీటర్లు, అంటే 2,400 మందికి సరిపడా నీళ్లు! ముందు ప్రెషర్ తగ్గించే వాల్వ్ బిగించండి, లీకు వెంటనే తగ్గుతుంది. తర్వాత రాత్రి వీధి వాల్వులు ఒక్కొక్కటే కట్టుకుంటూ వెళ్లండి. ఎక్కడ కడితే మీటరు రీడింగు ఒక్కసారిగా పడిపోతుందో ఆ వీధిలో వెతకాలి. జోన్ సరిహద్దు వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే లెక్కంతా తప్పుతుంది. మొదట దాన్నే పరీక్షించండి.

అపోహ: సముద్రం ఉండగా భయమెందుకు?

వాస్తవం: సముద్రపు నీళ్లలో ఉప్పు తీసేసి వెయ్యి లీటర్ల మంచినీళ్లు చేయడానికి 3-4 యూనిట్ల కరెంటు కావాలి. లోపలికి తోడిన నీళ్లలో సగానికి పైగా చిక్కటి ఉప్పునీరుగా తిరిగిపోతుంది. నగరం 500 మీటర్ల ఎత్తులో ఉంటే ఎక్కించడానికే వెయ్యి లీటర్లకు మరో 2 యూనిట్లు.

అపోహ: మురుగునీటిని తాగునీటిగా మార్చలేం.

వాస్తవం: నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచి చేస్తోంది. ఓజోన్, యాక్టివేటెడ్ కార్బన్, సన్నని పొరల వడపోత, క్లోరిన్... ఇన్ని అంచెలు దాటాకే ఇతర వనరుల నీటితో కలుపుతారు. ఫ్యాక్టరీల మురుగును మాత్రం మొదటి నుంచీ వేరే పైపుల్లో మళ్లిస్తారు.