ఇంటి దగ్గర రక్తం తీయడం: వివాదం వెనక ఏం జరిగింది?

ఇంటికొచ్చి రక్తం తీసే పద్ధతి మీద విశాఖలో మళ్లీ గొడవ మొదలైంది. ఒకే జత గ్లోవ్స్‌తో మూడు నాలుగు ఫ్లాట్లు తిరుగుతున్నారని అపార్ట్‌మెంట్ల వాళ్లు అంటున్నారు. ప్రతి ఒక్కరికీ కొత్త సూదే వాడుతున్నామని ల్యాబ్‌లు అంటున్నాయి. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా బండి మీద తిరిగే టెక్నీషియన్ల మాట మాత్రం ఎవరూ అడగడం లేదు.

గాజు సిరంజీలు మరిగించి వాడిన రోజులు అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2009లో, గుజరాత్‌లోని మొడాసాలో వచ్చింది. ఒకరికి వాడిన సిరంజీలు మరొకరికి వాడటంతో హెపటైటిస్ బి పాకి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వాడేసిన సిరంజీలు మళ్లీ అమ్ముడుపోతున్న సంగతీ అప్పుడే బయటపడింది. అలాంటి వార్తలు చదివిన వాళ్లు 'ప్యాకెట్ నా ఎదురుగా విప్పండి' అని గట్టిగా అడగడం నేర్చుకున్నారు. మంచిదే. అయితే జనం చూపూ, ల్యాబ్‌ల చూపూ సూది దగ్గరే ఆగిపోయాయి. ఇవాళ్టి తగాదాకి మూలం అక్కడుంది.

హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతుకుతుంది. కంటికి ఆననంత మరకైనా చాలు. చేతికి బిగించే రబ్బరు పట్టీ తెల్లారినప్పటి నుంచి ఎన్ని చేతులు మారుతుందో గమనించండి. చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిచాక 30 సెకన్లు ఆరనివ్వాలి, తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టకూడదు. నరం దొరక్కపోతే ముందు జరిగేది వేలు పెట్టడమే. ట్యూబు పెట్టే ప్లాస్టిక్ హోల్డర్‌దీ ఇదే కథ. దాన్ని మళ్లీ వాడాలంటే సూదిని విప్పాలి, విప్పగానే ట్యూబులోకి గుచ్చుకునే, పల్చని రబ్బరు తొడుగు మాత్రమే ఉన్న వెనక మొన బయటపడుతుంది. సూదితో పాటే హోల్డర్‌నూ పారేయాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2003లోనే చెప్పింది.

కోవిడ్ తర్వాత ఇళ్ల దగ్గర శాంపిళ్లు తీయడం బాగా పెరిగింది. మహారాణిపేట ల్యాబ్‌లో కూర్చుని రక్తం తీసే మనిషికి వాష్‌బేసిన్, సూదులు పడేసే డబ్బా చేతికందే దూరంలో ఉంటాయి. బండి మీద వెళ్లే కుర్రాడికి ఉన్నదల్లా ఆ బ్యాగే. పరగడుపు శాంపిళ్లన్నీ పొద్దున్నే అయిపోవాలి, కాస్త ఆలస్యమైతే ఫోన్ల మీద ఫోన్లు, టెన్షన్. విశాఖ ఉక్కలో చెమట చేతికి కొత్త గ్లోవ్స్ ఓ పట్టాన ఎక్కవు. గ్లోవ్స్ మార్చకపోవడం తప్పే. ఆ తప్పుకి దారి తీసేది మాత్రం ఇంటికీ ఇంటికీ మధ్య ఊపిరాడనివ్వని షెడ్యూల్.

2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఈ బాధ్యతను ల్యాబ్ యజమాని మీదే పెట్టాయి. సూదులకు గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బా ఇవ్వాలి. సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. ఏటా శిక్షణ ఇప్పించాలి. ఇవన్నీ బండి మీద తిరిగే వాళ్లకు కూడా అందుతున్నాయా అని అడిగితే ల్యాబ్‌లు మళ్లీ కొత్త సూది గురించే చెబుతున్నాయి.

టీకా లేని మనిషికి హెపటైటిస్ బి రోగికి వాడిన సూది గుచ్చుకుంటే జబ్బు సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ విషయంలో అది 0.3 శాతమే, కానీ నివారణ మందులు వీలైతే 2 గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటనివ్వకూడదు. అందుకే టెక్నీషియన్లు గ్లోవ్స్, టీకాలతో పాటు ఇంకొకటి అడుగుతున్నారు. ఏ గాజువాకలోనో సూది గుచ్చుకున్న కుర్రాడు మిగతా శాంపిళ్లు వదిలేసి నేరుగా ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లొచ్చని, ఆ రోజు జీతం కోయబోమని ల్యాబ్ ముందే రాసివ్వాలి.