సీసా మీద అణుభారం

డిగ్రీ ల్యాబ్‌లో ఆస్పిరిన్ చేసిన వాళ్లకు ఈ కొలతలు గుర్తుండే ఉంటాయి: 2 గ్రాముల సాలిసిలిక్ యాసిడ్, 5 మిల్లీలీటర్ల ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, నాలుగైదు చుక్కల సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒకటి తూచి వేస్తాం, ఇంకొకటి కొలిచి పోస్తాం. మరి ఏది ఎంత ఎక్కువుందో తెలిసేదెలా?

అణువులు బరువు చూసి కలవవు. ఇక్కడ ఒక సాలిసిలిక్ యాసిడ్ అణువుకు ఒక అన్‌హైడ్రైడ్ అణువు చాలు. అందుకే రెండింటినీ మోల్స్‌లోకి, అంటే అణువుల లెక్కలోకి మార్చుకుంటాం: గ్రాముల్ని అణుభారంతో (అణువు బరువుతో) భాగిస్తే మోల్స్ వస్తాయి. సాలిసిలిక్ యాసిడ్ అణుభారం 138.1. కాబట్టి 2 గ్రాములంటే 14.5 మిల్లీమోల్స్. దీన్నే 1 ఈక్వివలెంట్ అనుకుని, మిగతావి దీనికి ఎన్ని రెట్లో లెక్కేస్తాం. అన్‌హైడ్రైడ్ ద్రవం కనుక ముందు దాని సాంద్రత 1.08తో గుణించాలి, 5.4 గ్రాములు వస్తుంది. దాన్ని అణుభారం 102.1తో భాగిస్తే దాదాపు 53 మిల్లీమోల్స్. అంటే సుమారు 3.65 ఈక్వివలెంట్లు.

అంత ఎక్కువ పోయడానికి కారణం ఉంది. అన్‌హైడ్రైడే ద్రావణిగానూ పనిచేస్తుంది. ఫ్లాస్కులో తడి ఉంటే కొంత దానికే ఖర్చయిపోతుంది. చివర్లో నీళ్లు పోయగానే మిగిలింది ఎసిటిక్ యాసిడ్‌గా మారి, గుప్పున వెనిగర్ వాసన కొట్టి, నీళ్లతో పోతుంది. దిగుబడి మాత్రం తక్కువున్న దాన్ని బట్టే: 14.5 మిల్లీమోల్స్ ఆస్పిరిన్ అంటే 2.61 గ్రాములు. 3 గ్రాములు వచ్చిందని ఎవరైనా సంబరపడితే, అది ఇంకా ఆరలేదన్నమాట.

నేను దెబ్బతిన్నది మరో చోట. అసిటోఫినోన్ అనే కీటోన్‌ను హైడ్రాక్సిలమీన్‌తో కలిపి ఆక్సైమ్ అనే పదార్థం చేయాలి. కీటోన్ 1.2 గ్రాములు, అంటే 10 మిల్లీమోల్స్. హైడ్రాక్సిలమీన్ 1.2 ఈక్వివలెంట్లు కావాలి. అణుభారం 33 వేసుకుని 396 మిల్లీగ్రాములు తూచాను. చర్య ఎంతవరకు వచ్చిందో చుక్కలుగా చూపించే టీఎల్‌సీ ప్లేటు మీద రెండు గంటలైనా కీటోన్ చుక్క అలాగే ఉంది. సోడియం ఎసిటేట్ తగ్గిందా, వేడి చాలలేదా అని ఒకటే టెన్షన్. చివరికి సీసా తిప్పి చూస్తే లేబుల్ మీద హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడ్, 69.5 అని ఉంది! హైడ్రోక్లోరిక్ యాసిడ్ బరువును కూడా హైడ్రాక్సిలమీన్ ఖాతాలో వేసేశాను. పడింది 0.57 ఈక్వివలెంటే. పదిలో నాలుగు కీటోన్ అణువులకు జతే లేదు. మిగతా 438 మిల్లీగ్రాములూ తూచి వేశాక ఆ చుక్క మెల్లగా వెలిసిపోయింది.

అప్పట్నుంచి అణుభారాన్ని చేతిలో ఉన్న సీసా చూసే రాసుకుంటున్నాను. నీలి కాపర్ సల్ఫేట్ 249.7. దాన్నే వేడిచేసి నీళ్లన్నీ పోగొట్టి తెల్లపొడి చేస్తే 159.6.