మడమ ఆనదా, ఆనించడా?

తప్పటడుగుల వయసులో మునివేళ్ల మీద నడిస్తే ఇంట్లో అందరికీ ముద్దుగానే ఉంటుంది. మూడో ఏడు దాటాక కూడా మడమ నేలకు తగలకపోతే అప్పుడు మొదలవుతుంది టెన్షన్. "సరిగ్గా నడువు నాన్నా" అని ఒకరు, "పెద్దయితే అదే పోతుందిలే" అని ఇంకొకరు. అసలు చూడాల్సింది మాత్రం, బిడ్డ మడమ ఆనించడం లేదా, ఆనించలేకపోతున్నాడా అన్నది.

ఇది ఇంట్లోనే కొంత తెలుస్తుంది. ఆటలో మునిగిపోయి కదలకుండా నిలబడినప్పుడు మడమలు కిందికి దిగుతున్నాయా? గొంతుక్కూర్చున్నప్పుడు పాదం పూర్తిగా నేలకు ఆనుతోందా? చెప్పగానే నాలుగు అడుగులు మామూలుగా వేయగలడా? ఇవన్నీ అవుతుంటే అది చాలావరకు అలవాటే.

అలవాటే కదా అని ఏళ్ల తరబడి వదిలేయకూడదు. పిక్కలోని రెండు పెద్ద కండరాలు కిందికి వచ్చి, అకిలిస్ టెండన్ అనే గట్టి పట్టీగా మారి మడమ ఎముకకు అతుక్కుంటాయి. పిల్లల ఎముక పొడవు పెరుగుతుంటే కండరం కూడా దానితో పాటు సాగుతూ పెరగాలి. ఎప్పుడూ మునివేళ్ల మీదే ఉంటే దానికి సాగే పని తగ్గి, పొట్టిగా బిగుసుకుపోవచ్చు. ఆనించని మడమ ఆనించలేని మడమగా మారేది ఇలాగే. ఆ రెండు కండరాల్లో ఒకటి మోకాలి పైనుంచి మొదలవుతుంది. అందుకే డాక్టర్ మోకాలు మడిచి ఒకసారి, చాచి ఒకసారి పాదాన్ని పైకి వంచి చూస్తారు, బిగుతు ఏ కండరంలో ఉందో తెలియడానికి.

భయపడేవాళ్లకు ఒక లెక్క. స్వీడన్‌లో అయిదున్నరేళ్ల పిల్లలు 1,436 మందిని పరిశీలిస్తే, దాదాపు 5 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు మునివేళ్ల మీద నడిచినవాళ్లే. వాళ్లలో సగానికి పైగా అప్పటికే మానేశారు. అలా నడిచినవాళ్లలో వేరే జబ్బేదీ లేని పిల్లలను పదేళ్ల వయసు దాకా గమనిస్తే 79 శాతం మందిలో అది దానంతటదే పోయింది. చాలాసార్లు ఇది కుటుంబంలోనే ఉంటుంది. నాన్ననో మేనత్తనో అడిగితే, "నేనూ అలాగే నడిచేదాన్నట" అనే జవాబు రావచ్చు.

ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఒక్క కాలే మునివేళ్ల మీద ఉంటే కాళ్ల పొడవులో తేడా గానీ, సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాకపోవడం) గానీ ఉండొచ్చు. చక్కగా నడిచే బిడ్డ ఉన్నట్టుండి ఇలా మారినా చూపించాల్సిందే. మగపిల్లాడు తరచూ పడిపోతూ, నేల మీంచి లేవడానికి తన తొడల మీద చేతులు ఆనించి పైకి పాకుతున్నట్టు లేస్తుంటే అసలు ఆలస్యం చేయకూడదు. 1879లో విలియం గోవర్స్ అనే బ్రిటిష్ డాక్టర్ వర్ణించిన ఈ లక్షణం, కండరాలు క్రమంగా బలహీనపడే డుషేన్ కండర క్షీణత అనే జన్యు జబ్బులో కనిపిస్తుంది. ఆ పిల్లల పిక్కలు లావుగా, బలంగా ఉన్నట్టు కనిపిస్తాయి, చూసినవాళ్లు మురిసిపోతారు కూడా. కండరాలు దెబ్బతింటున్నాయా అని చెప్పే సీపీకే అనే రక్తపరీక్షతో ఆ అనుమానం చాలావరకు తేలుతుంది. ఇక ఆటిజం సంగతి. ఆ పిల్లల్లో ఈ నడక ఎక్కువే, కానీ మాట, చూపు, ఆట అన్నీ వయసుకు తగ్గట్టే ఉంటే ఒక్క నడకను పట్టుకుని ఆటిజం అనుకోవడం తొందరపాటు.

కండరం బిగుసుకుంటే సాగదీసే వ్యాయామాలు, కొన్ని వారాల పాటు మార్చి మార్చి వేసే పిండికట్లు, చీలమండకు ఆసరా పట్టీలు ఉన్నాయి. వీటికీ లొంగకపోతేనే టెండన్ పొడవు పెంచే ఆపరేషన్. "మడమ, మడమ" అని రోజంతా వెంటపడటం వీటిలో దేనికీ సాటి రాదు. అది బిడ్డకు విసుగు, మనకు గొంతునొప్పి. వాకర్ బండి మాత్రం తీసేయండి. అందులో పిల్లలు కాలివేళ్లతోనే నేలను తోస్తారు. ప్రమాదాల కారణంగా కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది.

చదును పాదాల గురించి ఇంత కంగారు అక్కర్లేదు. చిన్నపిల్లల అరికాలి వంపును కొవ్వు కప్పేస్తుంది. మునివేళ్ల మీద నిలబెడితే వంపు కనిపిస్తే, నొప్పి లేకపోతే, సాధారణంగా ఏమీ చేయక్కర్లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో బిడ్డ నడకను, పరుగును, నేల మీంచి లేవడాన్ని ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ఆ గదిలో అడుగు పెట్టగానే చాలామంది పిల్లలు బుద్ధిగా మడమలు ఆనించి నడిచేస్తారు.