టైంటేబుల్లో చోటు దొరకని బడితోట

బడిలో సాగు నేర్పాలన్న మాట వచ్చినప్పుడల్లా స్థలం లేదనో, నీళ్లు లేవనో జవాబు వస్తుంది. నిజమే, అవి లేని బళ్లు ఉన్నాయి. కానీ రెండూ ఉన్నచోట కూడా తోటలు ఎండిపోతున్నాయి. వాటికి పీరియడ్ ఉండదు, సెలవుల్లో దిక్కు ఉండదు, పండింది ఎవరిదో ఎవరూ చెప్పరు.

ఈ చివరి ప్రశ్నకు మొదట్లోనే జవాబు దొరికింది. జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1840లో తన శిశువిద్యాలయానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. పేరుకు తగ్గట్టే అక్కడ మళ్లు వేయించాడు. ఒక్కొక్కరికీ ఒక చిన్న సొంత మడి, వాటిచుట్టూ అందరూ కలిసి చూసుకునే ఉమ్మడి మళ్లు. సొంత మడిలో ఏం నాటుకున్నా పిల్లల ఇష్టమే, వాడిపోతే బాధా వాళ్లదే. ఇంతకన్నా మంచి ఏర్పాటు తర్వాత కూడా పెద్దగా రాలేదు. ఈనాటి తోటల్లో ఉమ్మడి మళ్లే మిగిలాయి, సొంత మడి పోయింది. అందరిదీ అన్న మడికి నీళ్లు పోసేవాళ్లు ఎవరూ ఉండరు.

1869లో ఆస్ట్రియా పాఠశాల చట్టం పల్లె బళ్లకు తోట ఉండాలని చెప్పింది. అమెరికాలో 1891లో బోస్టన్ నగరపు బడిలో తోట మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆహారం కరువైనప్పుడు అక్కడి ప్రభుత్వమే 'స్కూల్ గార్డెన్ ఆర్మీ' పేరుతో లక్షలాది పిల్లల చేత కూరగాయలు పండించింది. యుద్ధం ముగిశాక ఆ పథకమూ మూతపడింది. కొరత తీర్చడానికి పెట్టిన తోట కొరత తీరాక నిలవలేదు.

మన దేశంలో 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సమావేశం దీన్ని చదువు వైపు నుంచి ఆలోచించింది. గాంధీ ప్రతిపాదన మీద జాకీర్ హుస్సేన్ కమిటీ తయారుచేసిన ప్రణాళికలో నూలు వడకడం, వడ్రంగంతో పాటు వ్యవసాయం, పండ్లు-కూరగాయల తోటపని కూడా మూల వృత్తులు. రోజుకు అయిదున్నర గంటల బడిలో వృత్తికి 3 గంటల 20 నిమిషాలు ఇచ్చారు. లెక్కలూ సైన్సూ ఆ పనిలోంచే రావాలన్నారు. 20 గింజలు వేస్తే 14 మొలిచాయి, శాతం ఎంత? మడి పొడవూ వెడల్పూ కొలిస్తే వైశాల్యం ఎంత? పాఠం అక్కడే ఉంది. అయితే పిల్లలు చేసిన వస్తువుల రాబడి బడి ఖర్చుకు ఆసరా కావాలన్న షరతు విమర్శలకు దారితీసింది. ఆ విమర్శ న్యాయమైనదే. పంట బరువునే చదువుకు కొలతగా పెడితే పిల్లలు కూలీలవుతారు.

1977లో బడి పాఠ్యప్రణాళికను సమీక్షించిన ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ 'సామాజికోపయోగ ఉత్పాదక పని' అన్న పేరుతో ఈ ఆలోచనకు మళ్లీ చోటిచ్చింది. 2020 జాతీయ విద్యావిధానంలో 6–8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలుల వంటివారి దగ్గర పని నేర్చుకోమన్నారు. మంచిదే, కానీ పది రోజుల్లో ముల్లంగి మొలకెత్తి రెండు మూడు ఆకులు వేస్తుంది, అంతే. తోటకూరకు 25–30 రోజులు, చిక్కుళ్లకు 50–60 రోజులు కావాలి. పురుగు వచ్చేదీ పూత రాలిపోయేదీ ఆ మిగతా రోజుల్లోనే, నేర్చుకోవాల్సింది కూడా అప్పుడే.

వారానికి రెండు పీరియడ్లు వరుసగా దొరికినా చాలు. మడి వెడల్పు 90 సెంటీమీటర్లు మించకూడదు. అటూ ఇటూ నిలబడి చేయి చాచితే మధ్యకు అందాలి, లేకపోతే పిల్లలు మడిలోకి దిగి మట్టిని గట్టిపరుస్తారు. 3 మీటర్ల పొడవున్న మడికి బాగా మాగిన పశువుల ఎరువు 6–8 కిలోలు చాలు. పచ్చిపేడ వేస్తే లేతవేళ్లు మాడతాయి, చెదలు చేరతాయి. గింజను దాని మందానికి రెండు మూడింతల లోతులో వేయాలి. తోటకూర వంటి సన్నగింజలను పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడవు. ఎక్కువ బళ్లలో నారు చచ్చేది నీళ్లు లేక కాదు, ఎక్కువై. ఉత్సాహంగా నలుగురు నాలుగుసార్లు పోస్తారు, మొదలు కుళ్లి మొలక ఒరిగిపోతుంది. రోజుకు ఇద్దరికే వంతు పెట్టాలి, నేల వేలి కణుపు లోతున తడిగా ఉంటే ఆ పూట పోయకూడదు.

అల్లరి చేసినవాళ్లను కలుపు తీయడానికి పంపడం చాలాచోట్ల ఉంది. వెంటనే మానాలి. శిక్షగా అంటిన మట్టి మీద ఇష్టం పుట్టదు.

ఇక సెలవుల సంగతి. సెలవు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టి విత్తాలి. తోటకూరైతే కనీసం 40 రోజుల ముందు, చిక్కుళ్లయితే రెండున్నర నెలల ముందు. కోత వారం ముందే ముగించి, మడి మీద ఎండుటాకులు నాలుగు వేళ్ల మందాన పరిచి వెళ్లాలి.