నిరోధకాలు: పిల్లలు నమ్మేవి, మీటరు చూపేవి

పదో తరగతికి విద్యుత్ పాఠం మొదలుపెట్టే రోజు నేను బోర్డు మీద ఓమ్ నియమం (వోల్టేజీ ఎన్ని రెట్లు పెరిగితే కరెంటూ అన్ని రెట్లు పెరుగుతుంది అన్నది) రాయను. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్ఈడీ, పసుపు, ఊదా, గోధుమ రంగు పట్టీలున్న 470 ఓమ్‌ల నిరోధకం (కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం; ఆ అడ్డునే నిరోధం అంటారు, ఓమ్‌లలో కొలుస్తారు), వోల్టేజీ, కరెంటు, నిరోధం కొలిచే మల్టీమీటరు బల్ల మీద పెడతాను. కలిపే ముందే ఏం జరుగుతుందో చెప్పమంటాను. ఏ సంవత్సరం పిల్లలైనా దాదాపు అవే జవాబులు చెబుతారు. వాటిని తెలివితక్కువ మాటలని కొట్టిపారేయకూడదు. శ్రద్ధగా ఆలోచించే పిల్లలే ఆ తప్పులు చేస్తారు.

అపోహ: నిరోధకం కరెంటును కొంత తినేస్తుంది, మిగిలింది ముందుకు పోతుంది.

దీనికి సగం కారణం మన భాషే. కరెంటు పోయింది, కరెంటు బిల్లు వచ్చింది, ఈ నెల కరెంటు ఎక్కువ కాలింది అంటాం. వోల్టేజీ పడిపోయినా ‘కరెంటు తక్కువగా వస్తోంది’ అనే అంటాం. సరఫరా, వోల్టేజీ, శక్తి, ప్రవాహం అన్నింటికీ ఒకే మాట వాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లలకు కరెంటు ఖర్చయ్యే సరుకులా తోచడం సహజం. అందుకే తరగతిలో ఆంపియర్లలో కొలిచేదాన్ని నేను ఎప్పుడూ ‘ప్రవాహం’ అనే అంటాను.

అమ్మీటరును, అంటే ప్రవాహం కొలిచే స్థానంలో పెట్టిన మల్టీమీటరును, నిరోధకానికి ముందు కలిపితే దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంది. తరువాత కలిపినా అంతే. ప్రవాహం ఎక్కడా తగ్గలేదు. పంచుకున్నది వోల్టేజీ: ఎల్ఈడీ దగ్గర సుమారు రెండు వోల్టులు, నిరోధకం దగ్గర ఏడు. ఖర్చవుతున్నది శక్తి. బిల్లులో యూనిట్లుగా లెక్కించేది కూడా దాన్నే.

అపోహ: నిరోధకం ఎల్ఈడీకి ముందే ఉండాలి, తరువాత పెడితే ఎల్ఈడీ మాడిపోతుంది.

అన్నింటికంటే గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. ‘టీచర్, నిరోధకం దాకా చేరేలోపే ఎల్ఈడీ కాలిపోతుంది కదా’ అని ఒక అమ్మాయి అడిగింది. ఆమె ఊహలో కరెంటు బ్యాటరీ నుంచి బయలుదేరి, ఒక్కో మజిలీ దాటుకుంటూ పోయే బాటసారి. నిరోధకాన్ని తీసి రెండో వైపు ఆమె చేతే పెట్టించాను. వైరు తాకించేటప్పుడు వేళ్లు వణికాయి. ఎల్ఈడీ అదే వెలుగుతో వెలిగింది. ఆమె నమ్మలేదు, తీసి మళ్లీ మూడుసార్లు కలిపింది.

ఆ తరువాత దండెం తాడు రెండు కొసలూ ముడివేసి, వలయంగా నిలబడిన పిల్లల చేతుల్లోంచి తిప్పుతాను. లాగే పిల్లవాడు బ్యాటరీ. ఎవరో ఒకరు పిడికిలి బిగిస్తే, వాళ్లు ఎక్కడ నిలబడినా తాడు మొత్తం ఒకేసారి నెమ్మదిస్తుంది. బిగించినవారి అరచేయి వేడెక్కుతుంది కూడా. తీగలోనూ ఎలక్ట్రాన్లు వలయమంతటా ముందే ఉన్నాయి. అవి సెకనుకు ఒక్క మిల్లీమీటరు కూడా జరగకపోవచ్చు, కానీ స్విచ్ వేయగానే కనురెప్పపాటు కూడా పట్టకుండా వలయమంతా సర్దుకుంటుంది. ఈ ఒక్క విషయం మనసుకెక్కితే మిగతా అపోహలు చాలావరకు వాటంతటవే వదులుతాయి.

అపోహ: ఎన్ని నిరోధకాలు చేరిస్తే అంత నిరోధం పెరుగుతుంది.

శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే నిజమే. 1000 ఓమ్‌లవి రెండు సమాంతరంగా, అంటే పక్కపక్కన రెండు దారులుగా కలిపితే మీటరు 500 చూపిస్తుంది. చివరి గంట కొట్టాక తరగతి గదికి రెండో తలుపు కూడా తెరిస్తే ఏమవుతుందో పిల్లలకు నేను చెప్పనక్కర్లేదు. ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. 230 వోల్టుల మీద 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె నిరోధం సుమారు 53 ఓమ్‌లు, ప్రవాహం 4.3 ఆంపియర్లు. ఒక్కో స్విచ్ వేసేకొద్దీ ఇంటి మొత్తం నిరోధం తగ్గుతుంది, ప్రవాహం పెరుగుతుంది. ఫ్యూజు ఎగిరిపోవడం వెనకున్న కథ ఇదే.

అపోహ: ప్రవాహం తక్కువ నిరోధం ఉన్న దారినే ఎంచుకుంటుంది.

అన్ని దారుల్లోనూ పోతుంది. తొమ్మిది వోల్టులకు 1000, 10000 ఓమ్‌లను సమాంతరంగా కలిపితే ఒకదానిలో 9 మిల్లీ ఆంపియర్లు, రెండోదానిలో 0.9.

అపోహ: ఓమ్ నియమం ప్రతి వస్తువుకూ వర్తిస్తుంది.

ఈ నియమం చెప్పిన జర్మన్ శాస్త్రవేత్త ఓమ్, కొలోన్ నగరంలో బడిపంతులుగా ఉంటూ లోహపు తీగలతో ప్రయోగాలు చేశారు, 1827లో ఫలితాలను పుస్తకంగా ప్రచురించారు. నియమంలోని ‘స్థిర ఉష్ణోగ్రత వద్ద’ అన్న మాటను పిల్లలు కంఠస్థం చేస్తారే గానీ పట్టించుకోరు. పాత 60 వాట్ల బల్బు తీసుకురమ్మంటాను. 230 వోల్టుల మీద లెక్క ప్రకారం నిరోధం 882 ఓమ్‌లు రావాలి. హోల్డరు నుంచి తీసిన చల్లని బల్బును కొలిస్తే 100 కూడా రాదు. మీటరు పాడైందని అందరూ తేల్చేస్తారు. మీటరూ నిజమే, లెక్కా నిజమే. వెలుగుతున్న టంగ్‌స్టన్ తీగ వేల డిగ్రీల వేడి మీద ఉంటుంది, అప్పుడు నిరోధం పది రెట్లు దాటి పెరుగుతుంది. స్విచ్ వేసిన క్షణంలోనే బల్బులు ఎక్కువగా మాడిపోవడానికి కారణం కూడా ఇదే: చల్లని తీగలోంచి ఒక్కసారిగా పెద్ద ప్రవాహం దూసుకుపోతుంది.

అపోహ: పెద్ద నిరోధకానికి నిరోధం ఎక్కువ.

పరిమాణం చెప్పేది వాట్లు, అంటే కాలిపోకుండా ఎంత వేడి వదలగలదో. ఓమ్‌లు రంగు పట్టీల్లో ఉంటాయి. వేలెడు పొడవున్న తెల్ల పింగాణీ నిరోధకం ఒక్క ఓమ్‌దే కావచ్చు.

అపోహ: మీటరు చూపింది నిరోధకం విలువే.

పది లక్షల ఓమ్‌ల నిరోధకం రెండు కొసలనూ వేళ్లతో నొక్కి పట్టుకుని కొలిస్తే విలువ తగ్గి కనిపిస్తుంది, ఎందుకంటే మీ శరీరం దానికి సమాంతరంగా చేరింది. ఒక కొస వదిలేయండి, అంకె పైకి లేస్తుంది. వలయంలో ఉన్నదాన్ని కొలవాలంటే బ్యాటరీ తీసి, కనీసం ఒక కొసనైనా విడదీయాలి. బల్బునైనా ఇస్త్రీ పెట్టెనైనా గోడ ప్లగ్గులో ఉండగా ఓమ్‌ల స్థానంలో మీటరు పెట్టి తాకనే కూడదు. ఈ మాట ప్రయోగం మొదలయ్యే ముందు ప్రతి పిల్లవాడి చేతా పైకి చెప్పిస్తాను.