కొస్సోలా యాస: మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఫోనులో మీరిద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని నేను వింటున్నదేమిటని, అమెరికాలోని నల్లజాతివారి పుస్తకాలతో విజయవాడలో కూర్చున్న ముసలివాడికి పనేమిటని. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. అది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు గనుక ఈ ఉత్తరం రాయిస్తున్నాను. నేను చెబుతుంటే మీ నానమ్మ రాస్తోంది. నా మాటను ఎక్కడా సరిదిద్దకూడదన్నది మా ఇద్దరి మధ్య ఒప్పందం. ఎందుకో మీకే తెలుస్తుంది.

34 ఏళ్లు అచ్చుతప్పులు దిద్దిన కళ్లు ఇవి. నీటికాసులు వచ్చాక పత్రికలో పెద్ద శీర్షికలు దాటి ఏమీ చదవలేకపోతున్నాను. అందుకని ఆడియో పుస్తకాలకు వచ్చాను, అదీ గత్యంతరం లేక. మొదట్లో ఒకరు చదువుతుంటే వినడం ఎంగిలి తిన్నట్టు ఉండేది. కాని ఈ పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి, కళ్లు బాగున్న రోజుల్లోనే వీటిని చెవితో విని ఉండవలసిందని అనిపించింది. ఆ సంగతి చెప్పాలంటే ఒక్క పుస్తకం గురించి కాస్త తీరికగా మాట్లాడాలి.

దాని పేరు ‘బారకూన్’. ఓడ వచ్చేదాకా బానిసలను కుక్కి ఉంచడానికి సముద్రపు ఒడ్డున కట్టిన దొడ్లను ఆ పేరుతో పిలిచేవారు. రాసినవారు జోరా నీల్ హర్‌స్టన్. 1891లో పుట్టిన ఈ నల్లజాతి రచయిత్రి మానవశాస్త్రం చదువుకొని, తనవాళ్ల కథలనూ పాటలనూ పోగుచేయడానికి దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరా తిరిగారు. 1927లో ఆమె అలబామా రాష్ట్రంలోని మోబీల్ నగరం పక్కన ఒక వృద్ధుణ్ణి కలిశారు. అక్కడివారికి ఆయన కుడ్జో లూయిస్, కన్నవారు పెట్టిన పేరు కొస్సోలా. పరదేశాల నుంచి బానిసలను దిగుమతి చేయడాన్ని అమెరికా 1808 నుంచే నిషేధించినా, 1860లో క్లోటిల్డా అనే ఓడ దాదాపు 110 మందిని దొంగచాటుగా మోబీల్ చేర్చింది. తెచ్చినవాళ్లు సాక్ష్యం మిగలకుండా ఆ ఓడను తగలబెట్టారు. దాని శిథిలాలను నది అడుగున గుర్తించినట్టు 2019లో గాని ప్రకటన రాలేదు. ఆ ఓడలో వచ్చినవారిలో కొస్సోలా ఒకరు. పడమటి ఆఫ్రికాలోని డహోమీ రాజ్యపు సైన్యం తెల్లవారుజామున ఊరి మీద పడి ఆయనను పట్టి అమ్మేనాటికి ఆయన వయసు 19 ఏళ్లు. అయిదున్నరేళ్ల బానిసత్వం తరువాత, 1865లో విడుదలయ్యాక, వాళ్లంతా తిరిగి తమ దేశం వెళ్లడానికి తలా కొంత కూడబెట్టారు గాని ఆ డబ్బు ప్రయాణానికి చాలలేదు. ఇక చేసేది లేక అక్కడే నేల కొనుక్కొని ఆఫ్రికాటౌన్ అనే ఊరు కట్టుకున్నారు.

హర్‌స్టన్ ఆయన గుమ్మం ముందు నిలబడి కొస్సోలా అని పిలిచినప్పుడు ఆ ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. సముద్రం అవతల తనకు పెట్టిన పేరుతో తనను పిలిచేవారు ఇక్కడ ఎవరూ లేరన్నారు. నీ కథ చెప్పమని అడిగితే ఆయన తన తాతతో మొదలుపెట్టారు. ఆమెకు తొందర. ఆయనకు లేదు. తండ్రి గురించి చెప్పకుండా కొడుకు గురించి ఎలా చెబుతాను, తండ్రికి తండ్రి అయినవాడి గురించి చెప్పకుండా తండ్రి గురించి మాత్రం ఎలా చెబుతానని ఆయన వాదన. అది విన్నప్పుడు నాకు మా ఊరికి వచ్చే పిచ్చుకుంట్లవారు గుర్తొచ్చారు. ఇంటిపేరు, గోత్రం, వంశం మొదలంటా చెబితే తప్ప వాళ్లు అసలు కథలోకి దిగేవారు కారు. పడమటి ఆఫ్రికాలోనూ వంశచరిత్రలు నోటితో నిలబెట్టే గ్రియో అనే గాయకులుంటారు. అలెక్స్ హేలీ రాసిన ‘రూట్స్’ నవలను సహవాసి గారి అనువాదంలో ‘ఏడు తరాలు’గా చదివిన మా తరం తెలుగువారికి ఆ గాయకుడు పరిచయమే.

ఆమె చేతిలో బుట్టెడు పీచ్ పళ్లతో ఒకరోజు, పుచ్చకాయతో ఒకరోజు వెళ్లేవారు. కొన్ని రోజులు ఆయన మాట్లాడనని తోటపనిలో పడిపోయేవారు. అలాంటి రోజు ఆమె బలవంతపెట్టకుండా వెనక్కి వచ్చేసేవారు. ఫొటో తీస్తానంటే ఆయన లోపలికి వెళ్లి తన దగ్గరున్న మంచి సూటు వేసుకొని, చెప్పులు లేకుండా వట్టి కాళ్లతో బయటికి వచ్చారు. ఆఫ్రికాలో ఉన్నట్టు కనిపించాలని ఆయన కోరిక. ఆ ఫొటో ఆయన పిల్లల సమాధుల మధ్య తీశారు. ఆరుగురు పిల్లలూ ఆయనకంటే ముందే పోయారు.

అసలు సంగతి ఇక్కడ ఉంది. 1931 నాటికి పుస్తకం సిద్ధమైంది. చూసిన ప్రచురణకర్తలు ఆ యాస తీసేసి మంచి ఇంగ్లీషులో రాసి ఇమ్మన్నారు. హర్‌స్టన్ ఒప్పుకోలేదు. ఆయన పలికినట్టే అక్షరం కూర్చి రాశారు, అలాగే ఉంచారు. రాతప్రతి పెట్టెలో ఉండిపోయింది. కొస్సోలా 1935లోనూ, ఆమె 1960లోనూ పోయారు. పుస్తకం 2018లో వచ్చింది. 87 ఏళ్లు.

ఇది విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. కారణం మీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, సీసపు అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో, శ్రీకాకుళం వైపు నుంచి ఒక కూలిమనిషి చెప్పిన జీవితకథ ప్రెస్సుకు వచ్చింది. ఎవరో ఓపికగా ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపారు. భాష బాగు చేయమని పైవారు నాకు అప్పగించారు. ‘మాయమ్మ ఎల్లిపోనాక నాకింకెవులూ నేరు’ అని ఉన్నచోట ఎర్రసిరాతో ‘తల్లి మరణానంతరం నాకెవరూ లేకపోయారు’ అని దిద్దాను. అలా 60 పేజీలు. బాగా చేశావని భుజం తట్టారు, నేనూ గర్వపడ్డాను. పుస్తకం వెళ్లాక ఆమె కొడుకు ఒక కార్డు రాశాడు. చదివి వినిపిస్తే అమ్మ, ‘ఇది ఎవులి కతరా?’ అని అడిగిందట. ఆ కార్డు చూసి ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. హర్‌స్టన్ ఎర్రసిరా పట్టనన్న చోట నేను సంతోషంగా పట్టాను.

ఇప్పుడు ఆ యాసను చెవితో వినడమంటే ఏమిటో చెబుతాను. కొస్సోలా ఇంగ్లీషు కాగితం మీద చదివితే తప్పుల తడకలా కనిపిస్తుంది. ‘కాల్’ అన్నది ఆయన నోట ‘కాలీ’ అవుతుంది, ‘టెల్’ అన్నది ‘టెలీ’ అవుతుంది. కంటితో చదివేవాడు ప్రతి మాట దగ్గరా తడబడి, ఈయనకు భాష రాదు కాబోలు అనుకుంటాడు. రాబిన్ మైల్స్ అనే నటి చదివిన ఆడియోలో అవే మాటలు వింటే పది నిమిషాల్లో చెవి అలవాటు పడుతుంది, పావుగంటకు యాస అన్న ధ్యాసే పోయి మనిషి మిగులుతాడు. కొంతసేపటికి నాకు ఇంకొకటి తట్టింది. ఆయన పుట్టి పెరిగిన భాష యొరుబా కుటుంబానికి చెందినది. అందులో మాటలు అచ్చుతో ముగుస్తాయి. మన తెలుగూ అజంత భాషే కదా! మా నాన్న బస్‌ను బస్సు అనీ, రోడ్‌ను రోడ్డు అనీ అన్నట్టే ఆయనా హల్లు చివర ఒక అచ్చు తగిలించుకున్నారు. అది భాష రాకపోవడం కాదు. 19 ఏళ్లకు లాక్కొచ్చినా 86 ఏళ్ల నోట్లో మిగిలిపోయిన సొంత ఊరు అది. హర్‌స్టన్ ఆయనను కొద్దిసేపు కదిలే బొమ్మల్లోనూ చిత్రించారు గాని ఆ ఫిల్ముకు శబ్దం లేదు. ఆయన నవ్వడం, కట్టెలు కొట్టడం కనిపిస్తాయి, గొంతు వినిపించదు. ఆమె మొండిగా కాపాడిన ఆ అక్షరాలే ఆ గొంతుకు మిగిలిన రికార్డు.

హర్‌స్టన్ గొంతు మాత్రం ఉంది. 1939లో ఫ్లోరిడాలో ఆమె పాడిన పనిపాటలు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచింది. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వినవచ్చు. రైలుపట్టాలు గడ్డపారలతో జరుపుతూ కూలీలు పాడే పాట ఒకటి పాడి, ఏ మాట దగ్గర అందరూ ఒక్క ఊపున నెడతారో ఆమె వివరిస్తారు. మన జాలర్ల హైలెస్సా తెలిసినవారికి ఆ ఊపు వెంటనే అందుతుంది. పాటలెలా నేర్చుకుంటారని అడిగితే, పాడేవాళ్ల గుంపులో కలిసి, ఒక ముక్క, ఒక చరణం అందుకుంటూ, చివరికి అచ్చం మాలాగే పాడుతున్నావని వాళ్లే ఒప్పుకొనేదాకా తిరిగి వాళ్లకే పాడి వినిపిస్తానని ఆమె జవాబు. నాకు తెలిసిన విశ్వవిద్యాలయ పరీక్షలేవీ అంత కష్టమైనవి కావు.

నల్లజాతివారి చరిత్ర ఇంతగా గొంతులో, పాటలో ఎందుకు దాగిందంటే దాన్ని కాగితం మీదికి రానివ్వలేదు గనుక. దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసకు చదువు చెప్పడం చట్టరీత్యా నేరం. బానిసగా పుట్టి తరువాత పెద్ద రచయితగా, వక్తగా ఎదిగిన ఫ్రెడెరిక్ డగ్లస్ చిన్నవాడిగా ఉన్నప్పుడు యజమానురాలు అక్షరాలు దిద్దించబోతే ఆమె భర్త అడ్డుపడ్డాడు. ఆ తరువాత ఆ పిల్లవాడు వీధిలోని తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి చదువు కొనుక్కున్నాడు. 1845లో వచ్చిన ఆయన ఆత్మకథను స్వచ్ఛందంగా చదివి రికార్డు చేసినవారున్నారు, లిబ్రివాక్స్ అనే ఆడియో పుస్తకాల వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా దొరుకుతుంది. అందులో పాటల గురించి రాసిన పేజీ కోసమైనా వినండి. బానిసలు పాడుకుంటున్నారు గనుక సుఖంగా ఉన్నారని ఉత్తరాది జనం అనుకోవడం విని ఆయన నిర్ఘాంతపోయారు. మరీ దుఃఖంలో ఉన్నప్పుడే వాళ్లు ఎక్కువగా పాడేవారని రాశారు.

అయితే చెవి అన్నింటికీ చాలుతుందని చెప్పను. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ పుస్తకం ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ 1903లో వచ్చింది. అందులో ప్రతి అధ్యాయం తలమీద ఒక పద్యం, దాని కింద ఆ బానిసల దుఃఖగీతాల నుంచి ఒక స్వరపు ముక్క అచ్చువేశారు, పాట పేరు లేకుండా, మాటలు లేకుండా. సంగీత లిపి రానివారికి కాగితం మీద అది మూగది. నేను విన్న ఆడియోలో చదివే ఆయన పద్యం చదివి స్వరాన్ని వదిలేశారు. పాట గురించిన పుస్తకంలో పాట దగ్గరే నిశ్శబ్దం! ఆ పాటలు వేరే వెతికి వినాలి. 1871లో నల్లజాతివారి చదువు కోసం పెట్టిన ఫిస్క్ విశ్వవిద్యాలయం అప్పుల్లో మునిగితే, బానిసత్వం నుంచి బయటపడ్డ పిల్లలు ఎక్కువమంది ఉన్న జూబిలీ సింగర్స్ బృందం ఇవే పాటలు ఊళ్లవెంట పాడి దాన్ని నిలబెట్టింది. డుబాయిస్ చదివింది అక్కడే. తనను తాను ఎప్పుడూ ఎదుటివాడి కళ్లతో చూసుకోవలసి రావడం అనే బాధను ఆయన ఆ పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే చెప్పారు. మీ బడిలో నల్లపిల్లలున్నారు గదా, ఆ అధ్యాయం నెమ్మదిగా వినండి.

చెవికి అందనిది మరొకటి కూడా ఉంది. అచ్చుపని చేసినవాణ్ణి గనుక అది నాకు ముచ్చట. తమ జాతి పేరును ఇంగ్లీషులో చిన్న అక్షరంతో కాక పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలని వాళ్లు దశాబ్దాలపాటు పోరాడారు, ‘బ్లాక్’ అన్న మాటకు అనేక పత్రికలు ఆ గౌరవం ఇచ్చింది 2020లో. మన లిపిలో పెద్దా చిన్నా లేవు, ఆడియోలో అసలే వినబడవు. ఒక్క అక్షరం కోసం అంత కొట్లాట ఎందుకని మీరనుకుంటే, కొస్సోలా పేరు దగ్గరికి మళ్లీ వెళ్లండి.

ఇక వినే పద్ధతి. మనవడా, నువ్వు అన్నీ ఒకటిన్నర వేగంతో వింటావట. ఇవి అలా వినకు. నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ తన నవలలను తానే చదివారు. ఆమె ఎంత మెల్లగా, ఎంత లోగొంతుతో చదువుతారంటే, ఒక్కోసారి ఫోను ఆగిపోయిందేమోనని తడిమి చూసుకుంటాను. ఆ ఆగడం కూడా పుస్తకంలో భాగమే. మనవరాలా, ఈ పుస్తకాల్లో నల్లవారిని తిట్టే ఒక మాట పదేపదే వినబడుతుంది. అది వాళ్ల కథలో వాళ్లు చెప్పుకొనే మాట, మన నోటికి తెచ్చుకొనేది కాదు. మన దగ్గర కులం పేరు తిట్టుగా ఎలా వాడతారో తెలిసినవాళ్లం, మనకు దీన్ని వేరే విడమరచి చెప్పనక్కరలేదు. పెళ్లిచూపుల్లో రంగు గురించి మన ఇళ్లల్లో పలికే మాటలూ నాకు ఇప్పుడు వేరేగా వినబడుతున్నాయి.

‘బారకూన్’ మొదలుపెట్టగానే ముందుమాటలూ పరిచయాలూ చాలాసేపు సాగుతాయి. మంచివే, కాని వాటిని చివరికి ఉంచుకొని, హర్‌స్టన్ ఆ గుమ్మం దగ్గరికి వెళ్లి పేరు పెట్టి పిలిచే చోటు నుంచి వినండి. వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు తాత కథ దాకా వచ్చారో లేదో చెప్పండి. ఆ శ్రీకాకుళం ఆమె పుస్తకంలో నాకు ఆమె మాటల్లోనే గుర్తున్నది పైన చెప్పిన ఆ ఒక్క వాక్యం. నానమ్మ దాన్ని రాసేటప్పుడు ‘నేరు’ను ‘లేరు’ అని రాసి, నేను మళ్లీ చదివించుకున్నాక కొట్టేసి దిద్దింది.

మీ తాతయ్య