సెంట్రల్ సర్వర్‌లో టీమ్ కోడ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్ గిట్ వచ్చాక, అదే పనిని ఒకే సెంట్రల్ సర్వర్‌తో చేసే సబ్‌వెర్షన్, పెర్ఫోర్స్ లాంటివాటి పని అయిపోయింది.

వాస్తవం: 2005లో వచ్చిన గిట్‌నే ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నారు, నిజమే. కానీ గేమ్స్ తయారుచేసే స్టూడియోల్లో పెర్ఫోర్స్ ఇప్పటికీ మామూలే. భారీ త్రీడీ మోడల్స్ పాత వెర్షన్లన్నీ సర్వర్‌లోనే ఉంటాయి, ఎవరికి కావాల్సిన ఫోల్డర్ వాళ్లు దింపుకుంటే చాలు.

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులు ఒకే చోట ఢీకొనడం) రాకుండా కమిట్ (మార్పులను సర్వర్‌లో చేర్చడం) అయిందంటే కోడ్ సరిగ్గా కలిసినట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. సబ్‌వెర్షన్ లైన్లను పోలుస్తుంది, అంతే. ఆ లైన్లు ఏం పని చేస్తాయో దానికి తెలియదు. ఒకరు ఒక ఫంక్షన్‌కు కొత్త పారామీటర్ చేర్చి, దాన్ని పిలిచే చోట్లన్నీ సరిచేసి కమిట్ చేశారనుకోండి. అదే సమయంలో ఇంకొకరు వేరే ఫైల్లో ఆ ఫంక్షన్‌ను పాత పద్ధతిలోనే పిలుస్తూ కొత్త కోడ్ రాశారు. ఎవరి మెషీన్‌లో వాళ్లకు బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) బాగానే ఉంది. రెండో వ్యక్తి అప్‌డేట్ చేయకుండా, అంటే సర్వర్‌లోని కొత్త మార్పులు తెచ్చుకోకుండా, కమిట్ కొట్టినా సర్వర్ తీసుకుంటుంది. ఎందుకంటే మనం మార్చిన ఫైళ్లు పాతబడ్డాయా అన్నదొక్కటే అది చూస్తుంది. మిగతా ఫైళ్లు మన దగ్గర ఎంత పాతవైనా పట్టించుకోదు.

ఇలా తయారైన రివిజన్ (కమిట్‌తో సర్వర్‌లో ఏర్పడే కొత్త వెర్షన్) అంతకుముందు ఏ మెషీన్‌లోనూ లేదు. దాన్ని ఎవరూ బిల్డ్ చేయలేదు, టెస్ట్ చేయలేదు. ఆ తర్వాత అప్‌డేట్ చేసుకున్న ప్రతి ఒక్కరికీ బిల్డ్ ఫెయిల్, టెన్షన్. గిట్‌లో అయితే అదే బ్రాంచ్‌లోకి (కోడ్‌లో విడిగా నడిచే పాయలోకి) వేరేవాళ్లు ముందే పుష్ చేసి, అంటే తమ కమిట్‌లను సర్వర్‌కు పంపి ఉంటే, వాటిని తెచ్చి కలుపుకునేదాకా మన పుష్ మామూలుగా వెళ్లదు. సబ్‌వెర్షన్‌లో ఆ అడ్డు లేదు కాబట్టి టీమే పెట్టుకోవాలి: ముందు అప్‌డేట్, తర్వాత బిల్డ్, టెస్టులు, అప్పుడే కమిట్. ఈ మధ్యలో కూడా ఇంకొకరి కమిట్ దూరవచ్చు. అందుకే ప్రతి రివిజన్‌నూ ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే సర్వర్ ఉండి తీరాలని నేను పట్టుబడతాను.

అపోహ: బ్రాంచ్‌లు భారం, పని మొత్తం అయ్యాకే ఒకేసారి కమిట్ చేయాలి.

వాస్తవం: సబ్‌వెర్షన్‌లో బ్రాంచ్ అంటే సర్వర్‌లో తేలికపాటి కాపీ. ప్రాజెక్ట్ ఎంత పెద్దదైనా క్షణాల్లో అయిపోతుంది. భయమంతా మెర్జ్ (ఒక బ్రాంచ్ మార్పులను ఇంకోదానిలో కలపడం) గురించే, దానికి కారణం కూడా ఉంది. 2008లో 1.5 వెర్షన్ వచ్చేదాకా ఏ రివిజన్లు కలిపామో మనమే రాసిపెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ లెక్క సబ్‌వెర్షనే చూసుకుంటుంది. ట్రంక్‌లో (ప్రధాన కోడ్‌లో) మార్పులను తరచుగా బ్రాంచ్‌లోకి తెచ్చుకుంటూ ఉంటే చివరి మెర్జ్ చిన్నదిగా ఉంటుంది. వారాల తరబడి కమిట్ చేయని కోడ్ మాత్రం డిస్క్ పాడైన రోజు పోయినట్టే.

అపోహ: లాక్ (ఇంకెవరూ ఆ ఫైల్‌లో మార్పులు కమిట్ చేయకుండా ఆపడం) పెట్టకుండా ఫైల్ ముట్టుకోకూడదు.

వాస్తవం: కోడ్ ఫైళ్లకు అక్కర్లేదు. మెర్జ్ చేయలేని బొమ్మలు, డిజైన్ ఫైళ్లకు మాత్రం లాక్ తప్పనిసరి చేయండి. సెలవులో ఉన్నవాళ్ల లాక్ తీసేయాల్సి వస్తే, ముందు వాళ్లకు ఒక మాట చెప్పండి.

అపోహ: అందరి దగ్గరా కాపీ ఉంది, సర్వర్‌కు బ్యాకప్ ఎందుకు?

వాస్తవం: మన వర్కింగ్ కాపీల్లో (మన మెషీన్‌లో పని చేసుకునే కాపీల్లో) చరిత్ర ఉండదు. సర్వర్ పోతే ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అంతా పోతుంది. రోజూ హాట్‌కాపీ (సర్వర్ నడుస్తుండగానే తీసే పూర్తి కాపీ) తీసి వేరే మెషీన్‌లో పెట్టండి, అప్పుడప్పుడు దాన్నుంచి రిపాజిటరీని (సర్వర్‌లో కోడ్, చరిత్ర ఉండే చోటును) తిరిగి నిలబెట్టి చూడండి.